కరిసల్ సీమ కథకులు – త్రికరణశుద్ధి

మధురకు దక్షిణమున విరుదునగరము, సాత్తూరు, కోవిల్పట్టి వఱకు బాటకు ఇరుప్రక్కల కానవచ్చు నేల చాలవఱకు నల్లరేగడి. తమిళులు దీనిని కరిసల్ అందురు. వాన పడినచో కాలికి అంటుకొని విడువదు; ఎండ కాచినచో కాలు దూరునంత నెఱ్ఱెలు విచ్చును. ప్రత్తి, సజ్జ, జొన్న, మిరప దీని పంటలు. ఈ నేలపై కొన్ని శతాబ్దములుగా తెలుగు మాటాడువారు నివసించుచున్నారు. కమ్మవారు, రెడ్లు, రాజకంబళమువారు, అరుంధతీయులు, ఇంకను పలువురు. వీరికి ఇంట తెలుగు, వీథిని తమిళము. నోట తెలుగు, చేత తమిళము.

మనస్సు, వాక్కు, కాయము ఒక్క దారిని నడచుటకు పెద్దలు త్రికరణశుద్ధి యని పేరిడిరి. ఈ మాట నేడు పూజాసంకల్పములకును, సభలలోని ప్రశంసలకును పరిమితమై నిలిచినది. నిజమునకు అది దినదినసాధన. అంగడిలో త్రాసు పట్టువానికి, కచ్చేరీలో కలము పట్టువానికి, పొలమున మేడి పట్టువానికి సమానముగా వర్తించును. రచయిత విషయమున మాత్రము ఒక చిక్కు కలదు. రచయిత చేయు పని పలుకుటయే. కావున అతని వాక్కును పరీక్షించుటకు వేఱొక క్రియ దొరకదు. కరిసల్ సీమ తెలుగువాని విషయమున ఈ చిక్కు మఱొక మెట్టు పెరుగుచున్నది. తల్లి జోలపాడిన భాష ఒకటి, బడిలో పలకపై దిద్దిన లిపి వేఱొకటి. ఇట్టివాడు కథ వ్రాసినచో అందు మనస్సునకు వాక్కునకు పొత్తు కుదురునా? లోపల నొకటి, వెలుపల నొకటి గల బ్రదుకును లోకము కపటమనును. రెండు భాషల బ్రదుకును ఆ లెక్కలో చేర్పవలసినదేనా?

కోవిల్పట్టికి చేరువనున్న ఇడైచేవల్ గ్రామమున పుట్టిన ఇరువురు కథకుల రచనలు ఈ ప్రశ్నను విచారించుటకు తగిన సామగ్రి నిచ్చుచున్నవి. వారు కి. రాజనారాయణన్, కు. అళగిరిసామి. ఇరువురును చిన్ననాటి మిత్రులు. అళగిరిసామి 1923లో జన్మించి 1970లో అకాలమరణము నొందిరి. ఆ సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారము ‘అన్బళిప్పు’ అను కథాసంపుటమునకు ఆయన మరణానంతరము లభించినది. రాజనారాయణన్ గారికి ‘గోపల్లపురత్తు మక్కళ్’ అను నవలకై 1991లో అదే పురస్కారము వచ్చినది. ఆయన 2021 మే నెలలో, 98 ఏండ్ల వయసున, పుదుచ్చేరిలో కన్నుమూసిరి. ఒక్క పల్లె, ఒక్క తరము, రెండు అకాడమీ పురస్కారములు. ఇరువురి ఇంటిభాష తెలుగు. రెండు పురస్కారములును తమిళరచనలకే.

తెలుగు సంఘముల సభలలో వీరి ప్రస్తావన వచ్చినపుడు రెండు విధముల మాటలు వినవచ్చుచుండును. మనవారని గర్వించుట ఒకటి; మన భాషను విడిచిరని నొచ్చుకొనుట వేఱొకటి. ఈ రెండు మాటలును వారి పుస్తకములను తెఱవకయే చెప్పదగినవి. తెఱచి చూచినచో విషయము ఇంత సులువుగా తేలదు.

రాజనారాయణన్ గారి బడిచదువు ఉన్నత పాఠశాల పూర్తికాకమునుపే ఆగినది. వానకు తల దాచుకొనుటకే బడిపంచన నిలిచితిననియు, అప్పుడును బడిని చూడక వాననే చూచుచుంటిననియు తన చదువును గూర్చి ఆయన చెప్పుకొనిన మాట తమిళ పాఠకులకు సుపరిచితము. ఆయన సేద్యము చేసిరి, రైతు ఉద్యమములలో పాల్గొనిరి, చెఱసాలకు పోయిరి. కథలు వ్రాయబూనినది ముప్పదియైదేండ్ల ప్రాంతమున. అప్పటి తమిళ వచనము, పట్టణములలోను పత్రికా కార్యాలయములలోను నునుపుదేలిన వచనము. ఆయన దానిని అనుకరింపలేదు. కళ్లమున, బావిగట్టున, రచ్చబండపై వినబడు కరిసల్ పలుకుబడినే కథ చెప్పుటకు గ్రహించిరి. సంభాషణలకే కాక కథకుని మాటకును దానినే వాడిరి. ఇది ముఖ్యమైన భేదము. పాత్రలచేత పల్లెమాట పలికించి తాను మాత్రము పండితుని భాషలో వ్యాఖ్యానించు రచయిత పల్లెను ప్రదర్శనమున ఉంచినవాడగును. రాజనారాయణన్ గారు తాను నిలిచిన నేలపై నిలిచియే మాటాడిరి. 1982లో ఆ సీమ మాటలకు ఒక నిఘంటువును గూడ కూర్చిరి. బడిచదువు పూర్తిచేయని ఈ సేద్యగానిని 1980వ దశకము చివర పుదుచ్చేరి విశ్వవిద్యాలయము జానపద విజ్ఞానమునకై ఆహ్వానించినది. ఆయన సేకరించిన కథలలో పెద్దలు పిల్లలయెదుట చెప్పుకొనని కథలును గలవు. జనుల నోట నున్నదానిని శుచి, అశుచి యని ఏఱివేయుటకు ఆయన యొప్పుకొనలేదు.

తెలుగువారికి ఇట గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) తలపునకు రాక మానరు. వాడుకభాషకై పంతులుగారు వాదములు చేసిరి, సభలలో తలపడిరి, శాసనములనుండి సాక్ష్యములు చూపిరి. రాజనారాయణన్ గారు వాదమునకు పెద్దగా దిగలేదు, వ్రాసి చూపిరి. జీవించు మాటయే వ్రాయవలెనను పట్టు ఇరువురిది ఒక్కటే. (ఇట్టి సంచికలలోని వ్యాసములు ఇంకను గ్రాంథికపు పంచెకట్టు విడువకుండుట పంతులుగారికి నచ్చియుండెడిది కాదు.)

ఈ పట్టును దృష్టియందుంచుకొని, ‘మన భాషను విడిచిరి’ అను ఆక్షేపణను తూచవలెను. ఇడైచేవల్ తెలుగు ఇంటి తెలుగు. దానికి పత్రిక లేదు, పాఠ్యపుస్తకము లేదు, వ్రాతకు తగిన పాఠకులును లేరు. రాజనారాయణన్ గారు తెలుగున వ్రాయదలచినచో ఏ తెలుగున వ్రాయవలసియుండెడిది? రాజమహేంద్రవరపు తెలుగునా? గుంటూరి తెలుగునా? ఆ రెండును ఆయనకు మదరాసు పత్రికల తమిళమంత దూరపువే. ఒకవేళ అంతకంటెను దూరపువి. పుస్తకములు చూచి నేర్చుకొనిన తెలుగున తన యూరి కథ చెప్పియుండినచో అది జాతికి ప్రీతి కలిగించెడిది కాని అబద్ధపు కథయై యుండెడిది. ఆయన నిత్యము బేరమాడిన భాష, పోట్లాడిన భాష, కూలీలతో కలిసి పనిచేసిన భాష కరిసల్ తమిళము. ఆ పలుకుబడిని తీర్చిన నోళ్లలో తెలుగు నోళ్లును గలవు. తాను బ్రదికిన మాటలో వ్రాయుట త్రికరణశుద్ధికి భంగము కాదు, దానికి తొలి నియమము.

‘కదవు’ అను కథ ఇందుకు నిదర్శనము. ఒక పేదయింటి పిల్లలు తలుపుపై ఎక్కి దానిని ఊపుచు బస్సాట ఆడుకొందురు. పన్ను బకాయికై గ్రామాధికారి మనుషులు వచ్చి ఆ తలుపును ఊడబెఱికి మోసికొనిపోవుదురు. తండ్రి ఊరలేడు, పొట్టకూటికై దూరము పోయినాడు. తలుపులేని ఇంటిలోనికి చలిగాలి చొరబడును. ఇంటిలోని పసిబిడ్డ చనిపోవును. కొన్నాళ్లకు ఆ తలుపు చావడివెనుక చెదలుపట్టి పడియుండుట చూచి పిల్లలు దానిని కౌగిలించుకొందురు. కథ ఇంతే. పన్ను ధర్మమా, అధర్మమా యని రచయిత ఒక్క మాట పలుకడు. ఉద్యమములో పనిచేసి చెఱ చూచినవాడు, చెప్పదలచినచో ఎంతయో చెప్పగలవాడు. చెప్పకుండుట ఇచట నిగ్రహము. పిల్లలకు తెలిసినది తలుపు. వారికి తెలియనిది రాజ్యము. పిల్లలకు తెలిసినంతమేర కథను నిలుపుటలో రచయితయొక్క నిజాయితీ యున్నది. తన కోపమును పాత్రల నోట పెట్టుట కథకులు సాధారణముగా చేయు చిన్న దొంగతనము. ఈ కథలో అది లేదు.

1976లో వెలువడిన ‘గోపల్ల గ్రామం’ ఇంతకంటె కఠినమైన పరీక్ష. అది రచయిత సొంత కులమువారి వలసకథ. తెలుగుదేశమున ఒక తురుష్క ప్రభువు చెన్నాదేవి యను సుందరిని కోరగా, ఆమె బంధువులు రాత్రికి రాత్రి ఇల్లు విడిచి దక్షిణమునకు పాఱిపోయిరట. ఏఱు అడ్డము రాగా గట్టునున్న చెట్టు వంగి దారి యిచ్చెనట. నూఱేండ్లు దాటిన మంగత్తాయారు అను అవ్వ ఈ కథ చెప్పును. ఇట్టి కథనే తమిళదేశపు తెలుగు కులములు పెక్కు తమ తమ పూర్వులకు అన్వయించి చెప్పుకొనుచున్నవి. చరిత్రకారుడు విజయనగర రాజ్యవిస్తరణమును, పదునాఱవ శతాబ్దమున మధురలో నెలకొనిన నాయకరాజ్యమును, దానితో వచ్చిన సైనికులను, సేద్యగాండ్రను ముందుంచును. అట్లయిన వంగిన చెట్టును వ్రాసిన రచయిత సత్యము తప్పెనా? తప్పలేదు. ఆయన చెట్టు వంగెనని చెప్పలేదు. అవ్వ అట్లు చెప్పెనని చెప్పెను. విన్నదానిని విన్నదిగా, కన్నదానిని కన్నదిగా వేఱువేఱుగా ఉంచుట సాక్షిధర్మము. నేడు కులచరిత్రలు వ్రాయువారు చాలమంది ఈ ధర్మమును పాటించుటలేదు. అవ్వ మాటను శాసనముగా అచ్చువేయుచున్నారు.

సొంత కులమువారిని గూర్చి వ్రాయునపుడు దాచుటకు ఆశ పుట్టును. ఆ నవలలో, భర్తతో అలిగి ఒంటరిగా నడచిపోవు నిండుచూలాలు దాహము తీర్చుకొనుటకు చెఱువున వంగగా, నగలకై ఒక దొంగ ఆమెను నీటముంచి చంపును. చనిపోవుచు ఆమె వాని కాలి వ్రేలిని పండ్లతో కఱచి విడువదు, వాడు దొరకిపోవును. ఊరిపెద్దలు కూర్చుండి విచారించి వానిని కొఱత వేయింతురు. ఈ పెద్దలు రచయితకు పూర్వులవంటివారు. నవల అంతట గౌరవముతో చూపబడినవారు. ఐనను కొఱత వేసిన దృశ్యమును ఆయన మఱుగుపఱుపలేదు, దానికి సమర్థనమును వ్రాయలేదు. ఆతిథ్యము, క్రౌర్యము ఒక్క అరుగుమీదనే కూర్చుండియుండుట పాఠకుడు చూచును.

ఈ కొలతతోనే ఆయన కొఱతను గూడ చెప్పవలెను. కరిసల్ సీమలో తెలుగు మాటాడువారు భూమిగల కమ్మవారు మాత్రమే కారు. తోలుపని చేసిన అరుంధతీయుల ఇండ్లలోను తెలుగే వినబడును. ఒక్క భాష మాటాడు ఈ రెండు జనముల నడుమ ఊరు, వాడ యను గీత యుండెను. ‘గోపల్ల గ్రామం’ అడవిని కాల్చి నేలను సాగుచేసినవారి గాథ. ఆ నేలపై పనిచేసినవారు తమ కథను తామే చెప్పుకొను స్థానమునకు అందు రాలేదు. రచయిత అబద్ధమాడెనని దీని యర్థము కాదు. ఆయన నిలిచిన అరుగునుండి కనబడినంతయే వ్రాసెను. కాని తెలుగు సంఘములు ఈ నవలను ‘తమిళదేశపు తెలుగువారి చరిత్ర’ యని కొనియాడునపుడు ఆ మాట సగమే నిజము. మిగిలిన సగములో కొంత 1979లో వెలువడిన పూమణి గారి ‘పిఱగు’ నవలలో దొరకును. కోవిల్పట్టి ప్రాంతపువారే యైన ఆయన ఆ వృత్తిని చేయు అళగిరి యను పురుషుని కథానాయకుని జేసిరి. ఈ రెండు నవలలను ప్రక్కప్రక్కన ఉంచి చదువని విమర్శ ఏకపక్షమగును.

అళగిరిసామి గారి సాధన వేఱు విధమైనది. ప్రభుత్వ కచ్చేరీలోని గుమాస్తాపని విడిచి, నిలుకడలేని పత్రికావృత్తిని కోరి చేపట్టినవారాయన. కంబరామాయణమును శ్రద్ధతో చదివి దాని ముద్రణలకు పాటుపడిరి. అణ్ణామలై రెడ్డియార్ గారి కావడిచిందును పరిష్కరించిరి. ఇంత పాండిత్యము గలిగియు కథలలో దాని జాడ కనబడనీయలేదు. ఆయన కథలలో పెద్ద సంఘటనలు లేవు. ‘రాజా వందిరుక్కిఱార్’ కథలో దీపావళినాడు ఒక పేదతల్లి దిక్కులేని పిల్లవాని నొకనిని ఇంట చేర్చుకొని, తలంటి, ఇంట నున్న గుడ్డను వానికి కట్టును. వాని పేరు రాజా. ధనికుని ఇంటికి వచ్చిన ‘రాజా’ను గూర్చి ఆ యింటి బాలుడు గొప్పలు పోగా, మా యింటికిని రాజా వచ్చినాడని ఈ యింటి బాలిక బదులు చెప్పును. బాలిక చమత్కారమునకు ఆ మాట అనలేదు, నిజమే చెప్పినది. చమత్కారము చదువువాని మనస్సులో పుట్టును. బాలిక మాటలోని సాదాతనమును చెడగొట్టకుండ కథను ముగించుటకు ఎంత అదుపు వలయునో కథలు వ్రాయువారికి తెలియును.

‘అన్బళిప్పు’ ఇంకను లోతైనది. పిల్లలయందు ప్రేమగల ఒక పెద్దమనిషి తానే ఆ కథను చెప్పును. అతడు ఇరుగుపొరుగు పిల్లలకు పుస్తకములు తెచ్చి యిచ్చును, వారితో ఆడును. తన ప్రేమ అందఱియందును సమానమని నమ్మియుండును. ఒకమారు కొందఱకు డైరీలు కానుకగా ఇచ్చును. సారంగన్ అను బాలునకు ఈయడు. ఈయలేదను ఎఱుకయు అతనికి ఉండదు. ఆ బాలుడు పట్టుపట్టి అతనిని తన యింటికి పిలిచి, తానే సంపాదించుకొనిన డైరీ నొకదానిని జేబునుండి తీసి, సారంగనునకు ప్రేమతో ఇచ్చిన కానుకయని దానిపై వ్రాయుమని కోరును. అతడు వ్రాయును. అంతటితో కథ సరి.

ఇందు దుష్టుడు లేడు. ఆ పెద్దమనిషి మోసగాడు కాడు. ప్రేమ నటించువాడును కాడు. తన ప్రేమను తానెన్నడును పరీక్షించి చూచుకొనకుండుటయే అతని లోపము. పలుకును, క్రియయు ఒక్కటైయున్నను, మనస్సు తన్ను తాను ఎఱుగక యుండవచ్చునని ఈ చిన్న కథ తెలుపుచున్నది. త్రికరణశుద్ధిని గూర్చి ధర్మగ్రంథములు సాధారణముగా వాక్కును, క్రియను శాసించును. అళగిరిసామి గారు మొదటి కరణమును పట్టుకొనిరి. రాజనారాయణన్ గారి రచన వెడల్పు గలదనియు, అళగిరిసామి గారి రచన లోతు గలదనియు తేల్చినచో సాహసము కాదు.

ఆత్మపరీక్షయను మాట వచ్చినపుడు విరుదునగరపు సీమకు చెందిన వేఱొక వ్రాత చూడదగియున్నది. అది కథ కాదు, చిన్న చీటి. నేడు విరుదునగరం జిల్లాలో చేరిన తిరుచ్చుళియందు 1879 డిసెంబరు 30వ తేదీన జన్మించిన వేంకటరామన్, తరువాతి రమణ మహర్షి, 1896లో మధురలోని ఇల్లు విడుచునపుడు దానిని వ్రాసి యుంచిరి. ఆ చీటి ‘నేను’ అని మొదలై, కొలది వాక్యములలో ‘ఇది’ అను మాటకు మాఱును. సంతకము చేయవలసినచోట గీత యొక్కటి యుండును. వ్యాకరణమున జరిగిన ఈ చిన్న మార్పును గూర్చి వేదాంతులు చాల వ్రాసిరి. దాని క్రింది భాగమును పట్టించుకొనినవారు తక్కువ. అన్నగారి కళాశాల రుసుము ఇంకను చెల్లింపబడలేదనియు, రెండు రూపాయలు అక్కడనే యున్నవనియు అందు వ్రాసియున్నది. రుసుమునకై తీసికొనిన అయిదు రూపాయలలో దారిఖర్చునకు మూడు మాత్రమే ఉంచుకొనిరి. దైవమును వెదకి పోవు పదునాఱేండ్ల బాలుడు లెక్క అప్పగించి పోయెను. ఐతే ఆ దినముననే బడిలో ప్రత్యేక తరగతి కలదని అన్నగారితో ఒక బొంకు చెప్పియే గడప దాటెను. భక్తులు వ్రాసిన జీవితచరిత్రములు ఈ బొంకును దాచలేదు. అది వాటికి గౌరవమే. సత్యసాధకుని మొదటి అడుగున అబద్ధము పడియుండుట చదువరిని కలవరపెట్టును. దానిని లీలయని కప్పిపుచ్చుటకంటె, లెక్క చెప్పిన చీటిని, ఆ బొంకును ప్రక్కప్రక్కన ఉంచి చూచుటయే మేలు.

భాష విషయమునను ఆ మహర్షి జీవితము ఇడైచేవల్ కథకులకు తలక్రిందుగా నిలుచుచున్నది. ఇంట తమిళము గల ఆయన భక్తుల సాంగత్యమున తెలుగు నేర్చి, 1927 నాటి తమిళ ‘ఉపదేశ ఉందియార్’ను తెలుగున, సంస్కృతమున, మలయాళమున తామే మఱల వ్రాసిరి, ‘ఉళ్ళదు నార్పదు’ను ‘ఉన్నది నలుబది’ అను పేర తెలుగు వచనముగా ఇచ్చిరి. ఇంటిభాష కానిదానిలో వ్రాసినందున అది బూటకమైనదని ఎవరును అనలేదు. కోవిల్పట్టికి చేరువనున్న ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులవారి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో అచ్చుపడినది తెలుగు లిపిలోనే. విషయము ఏ భాషను అడిగెనో ఆ భాషను వ్రాయుట ఈ సీమకు క్రొత్త కాదు. తెలుగు విద్వాంసులు ఎట్టయపురపు గ్రంథమునకు పొంగిపోవుచు ఇడైచేవల్ నవలలకు నొచ్చుకొనుట ఒక్క త్రాసునకు రెండు తూనికఱాళ్లు వాడుట.

ఐనను నొచ్చుకొనువారి మాటలో ఒక నిజము మిగిలియున్నది. ‘గోపల్ల గ్రామం’లోని గోవిందప్ప, మంగత్తాయారు తమ యింట మాటాడుకొనినది తెలుగు, పుటలపై వారు మాటాడునది తమిళము. ఆ అవ్వ నోటినుండి వెలువడిన అసలు వాక్యములు ఎట్లుండెనో నవల చెప్పజాలదు. రచయిత మనస్సులో అవి వినబడియుండును. తమిళమున వ్రాయుట ఆయనకు సత్యము. ఆ తెలుగు వాక్యములు వ్రాతకు ఎక్కకపోవుట భాషకు నష్టము. ఈ రెండును ఒక్కసారి నిజములే. మొదటిదానిని ఒప్పుకొనుటకు రెండవదానిని దాచనక్కఱలేదు.

2006 నాటి శాసనముచేత తమిళనాటి బడులలో తమిళము మొదటి తరగతినుండి మెట్టుమెట్టుగా పదవ తరగతి వఱకు నిర్బంధమైనది. తెలుగు అల్పసంఖ్యాక పాఠశాలలలోని పిల్లలకు తెలుగు వ్రాయుటకు చిక్కు వాక్యము తగ్గినది. ఇంట పలుకు వాక్యము ఇంకను తగ్గలేదు. ఆ పిల్లలలో ఒకనిచేత ‘మా అవ్వ’ను గూర్చి వ్యాసము వ్రాయించినచో, వాడు పాఠ్యపుస్తకపు తెలుగున, అవ్వ ఎన్నడును పలుకని మాటలతో, అవ్వను ప్రశంసించును. తప్పులుండవు, మార్కులు వచ్చును. అవ్వ మాత్రము అందుండదు. ఆమె పలుకును తప్పులతో సహా వ్రాసికొని రమ్మనినచో పిల్లవాడు ముందు సిగ్గుపడును. తరువాత రెండు పుటలు నింపుకొని వచ్చును. రాజనారాయణన్ గారు తమిళ పలుకుబడికి కూర్చిన నిఘంటువు చదువు చాలనివాడు, సేద్యగాడు చేసిన పని. కోవిల్పట్టి, సాత్తూరు, విరుదునగరము చుట్టునున్న ఇండ్లలోని తెలుగునకు అట్టి నిఘంటువును కూర్చుటకు నోట్‌బుక్కు, పెన్సిలు, వినుటకు ఓపిక కావలెను. చెప్పగల అవ్వలు ఏటేట తగ్గుచున్నారు.